యాప్‌లో కుదిరిన సంబంధాన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 31 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా మ్యాట్రిమోనీ సైటులో వివరాలు పెట్టి, గోత్రాలు, నక్షత్రాలు చూసుకుంటూ సంబంధాలు వెతుకుతున్నాం. ఇప్పుడు వాడు డేటింగ్ యాప్‌లో ఒక అమ్మాయి పరిచయమైందనీ, ఆమెనే చేసుకుంటాననీ అంటున్నాడు. ఆ అమ్మాయిది వేరే కులం. ఫోనులో కలిసిన మనిషిని నమ్మి పెళ్లి ఎలా చేయమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, అమ్మాయి ఎవరో తెలియదన్న భయమూ, కులం వేరన్న ఇబ్బందీ మీ ఉత్తరంలో కలిసిపోయాయి. రెంటినీ విడిగా చూద్దాం.

వెనుకటి రోజుల్లో పెళ్ళిళ్ళ పేరయ్య ఒక సంబంధం తెచ్చాడంటే, అతని మాటకు ఊరూ బంధువర్గమూ పూచీగా ఉండేవి. అబద్ధం చెప్పాడని తెలిస్తే మళ్లీ ఎవరూ అతన్ని గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు. తొంభైల చివర మ్యాట్రిమోనీ సైట్లు వచ్చాక సంబంధాల సంఖ్య పెరిగింది గాని ఆ పూచీ పోయింది. మీరు మూడేళ్లుగా చూస్తున్న ప్రొఫైళ్లలో చదువు, జీతం, ‘సంప్రదాయ కుటుంబం’ అన్నవి చాలావరకు ఎవరికి వారు రాసుకున్నవే. ఇటువంటి సైట్లు సభ్యుల గుర్తింపును సరిచూడాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చిన మాట నిజమే అయినా, గుర్తింపు కార్డు అసలైనదని తేలినంత మాత్రాన మనిషి స్వభావం తెలియదు. (జాతకం కలిసిందన్న ఒక్క ధైర్యంతో, పెళ్లిచూపుల అరగంటలోనే తాంబూలాలు పుచ్చుకున్న ఇళ్లు మనకు కొత్త కాదు.)

2012లో మొదలైన టిండర్ వంటి యాప్‌లలో ఫొటో చూసి నచ్చితే వేలితో కుడివైపుకు, నచ్చకపోతే ఎడమవైపుకు జరుపుతారు. ఇద్దరూ నచ్చారనుకున్నప్పుడే మాటలు మొదలవుతాయి. కాలక్షేపానికి వచ్చేవారూ, పెళ్లి ఉద్దేశంతో వచ్చేవారూ అక్కడ కలిసే ఉంటారు కాబట్టి, ఎక్కడ పరిచయమయ్యారన్న దానికంటే ఆ తర్వాత ఏం జరిగిందన్నదే మీరు అడగవలసిన విషయం. ఎన్ని నెలలుగా కలుసుకుంటున్నారు? ఆమె స్నేహితులనూ, పనిచేసే చోటునూ మీవాడు చూశాడా? జీతం, అప్పులు, పెళ్లయ్యాక ఎక్కడ ఉండాలి, తల్లిదండ్రులను ఎవరు చూసుకోవాలి అన్నవి ఇద్దరూ మాట్లాడుకున్నారా? వీటికి అతను తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఏ బ్యూరో చేసే విచారణ కంటే మీకు ఎక్కువ సమాచారం అందినట్టే. ఆపైన ఆమె తల్లిదండ్రులతో మీరే మాట్లాడండి. ఆ వైపు కూడా ఇదే భయంతో ఎవరో ఒకరు నిద్రపోకుండా ఉండి ఉంటారు.

ఇక కులం సంగతి. 2011–12లో జరిగిన ఒక జాతీయ సర్వేలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే ఉన్నాయి కాబట్టి, బంధువులు నాలుగు మాటలు అంటారన్న మీ భయాన్ని తేలిగ్గా తీసివేయను. అయితే చట్టంలో మాత్రం అడ్డు లేదు. ఇద్దరూ హిందువులైతే 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, కులం ఏదైనా, మామూలు పద్ధతిలోనే పెళ్లి చేసి రిజిస్టరు చేయించవచ్చు. మతాలు వేరైనవారూ పెళ్లి చేసుకునేందుకు వీలు కల్పించే ప్రత్యేక వివాహ చట్టం కింద ఇవ్వవలసిన 30 రోజుల నోటీసు దీనికి అక్కరలేదు. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు. మీ అబ్బాయి దాచకుండా మీతో చెప్పాడు. నాకు ఇది మంచి సూచనగానే కనిపిస్తోంది.

ప్రశ్న: మ్యాట్రిమోనీ సైటులో పరిచయమైన లండన్ డాక్టరు నాకు బహుమతులు పంపారట. వాటిని ఢిల్లీలో కస్టమ్స్ వారు ఆపారనీ, 65 వేలు కట్టాలనీ ఫోన్ వచ్చింది. ఆయనను ఇంతవరకు వీడియో కాల్‌లో కూడా చూడలేదు. కట్టమంటారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కట్టకండి. ఫోన్ చేసి ఎవరో వ్యక్తి ఖాతాలో సుంకం జమ చేయమని కస్టమ్స్ శాఖ అడగదు. పెళ్లి ఆశ చూపి డబ్బు గుంజే మోసాల్లో ఇది బాగా పాతది. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును బ్యాంకులోనే నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. సందేశాలనూ, ఫోన్ నంబర్లనూ చెరిపివేయకుండా ఫిర్యాదుకు జతచేయండి. ఆ ప్రొఫైల్ సంగతి సైటు వారికి కూడా తెలియజేయండి, ఎందుకంటే అదే ఫొటోతో ఈపాటికి ఇంకొక అమ్మాయితో మాట్లాడుతూ ఉండవచ్చు.