ఇశ్రాయేలీయులందరూ ఒకేసారి చెరకు వెళ్లారా? పది గోత్రాలు ఏమయ్యాయి?

ఇశ్రాయేలీయులందరూ బబులోను చెరకు వెళ్లి డెబ్బై ఏళ్లకు తిరిగి వచ్చినట్లయితే, పది గోత్రాలు తప్పిపోయాయని ఎందుకంటారని మీరు అడిగారు. మా సంఘంలో పెద్దలకు చాలా ఏళ్లుగా బైబిలు తరగతి చెబుతున్నాను. రాజుల గ్రంథాలకు వచ్చేసరికి ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నా సమాధానం ఒక్కటే: చెర ఒకటి కాదు. సొలొమోను తర్వాత రాజ్యం రెండుగా చీలింది. ఉత్తరాన ఉన్న పది గోత్రాల ఇశ్రాయేలును అష్షూరు, దక్షిణాన ఉన్న యూదాను బబులోను కూల్చాయి. ఈ రెండు పతనాల మధ్య దాదాపు నూట ముప్పై అయిదేళ్లు గడిచాయి. ఆ రెండు సామ్రాజ్యాలు చెరపట్టినవారిని ఉంచిన తీరు కూడా ఒకటి కాదు. పది గోత్రాల ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

మొదటి దెబ్బ ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను మీద కాక గలిలయ, గిలాదు ప్రాంతాల మీద పడింది. ఇశ్రాయేలుకు పెకహు రాజుగా ఉన్న రోజుల్లో, సుమారు క్రీ.పూ. 732 నాటికి, అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరు అక్కడివారిని అష్షూరుకు తీసుకుపోయాడు. ఆ తర్వాతి అష్షూరు రాజు షల్మనేసెరు షోమ్రోనును ముట్టడించగా, క్రీ.పూ. 722 ప్రాంతంలో పట్టణం పడిపోయింది. అతని తర్వాత రాజైన సర్గోను అక్కడినుంచి 27,290 మందిని తరలించినట్లు తన శాసనంలో చెక్కించుకున్నాడు. వారిని హాలహులోను, గోజాను నది హాబోరు దగ్గర, మాదీయుల పట్టణాల్లోను ఉంచారని రాజుల గ్రంథం చెబుతుంది. ఖాళీ అయిన ఊళ్లలోకి బబులోను, కూతా, అవ్వా, హమాతు, సెపర్వయీముల నుండి వేరే జనాన్ని తెచ్చి నింపారు. ఓడిన జాతిని ముక్కలు చేసి, ఆ ముక్కలను దూరదూరంగా పరాయి జనం మధ్య పెడితే మళ్లీ తిరగబడే శక్తి ఉండదన్నది అష్షూరు రాజుల లెక్క.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది: అష్షూరు చేతిలో యూదావారు కూడా చెరకు వెళ్లారు. యూదా రాజు హిజ్కియా కాలంలో, క్రీ.పూ. 701లో, అష్షూరు రాజు సన్హెరీబు యూదాలోని 46 ప్రాకారపురాలను పట్టుకొని 2,00,150 మందిని బయటకు రప్పించానని రాయించుకున్నాడు. ఆ సంఖ్య అతిశయోక్తి అని చాలామంది పండితుల అభిప్రాయం. కానీ ఆ పురాల్లో ఒకటైన లాకీషు పతనం మాత్రం అష్షూరు రాజధాని నీనెవెలోని అతని రాజభవనపు గోడల మీద రాతి శిల్పాలుగా మిగిలింది. లండనులో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలను చూశాను. కాలుతున్న ప్రాకారాల సంగతి సరే, నన్ను నిలబెట్టేసింది ఒక ఎద్దుల బండి. దాని నిండా మూటలు, ఆ మూటల మీద స్త్రీలు, పిల్లలు. “చెరపట్టుకొని పోయెను” అని ఒక్క ముక్కలో చదివి దాటేసే మాట వెనుక ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో అక్కడ అర్థమవుతుంది. అప్పటినుంచి తరగతిలో ఆ శిల్పం ఫోటో చూపించాకే ఈ అధ్యాయాలు మొదలుపెడుతున్నాను.

బబులోను చెర కూడా ఒకే రోజు జరిగింది కాదు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెహోయాకీనును, అధిపతులను, కంసాలులను, కమ్మరులను తీసుకుపోయాడు. అతని స్థానంలో రాజైన సిద్కియా తిరుగుబాటు తర్వాత, క్రీ.పూ. 586 ప్రాంతంలో, యెరూషలేము దేవాలయాన్ని కాల్చివేసి మరికొందరిని తరలించారు. కొన్నేళ్లకు మూడవ విడత జరిగింది. యిర్మీయా గ్రంథం చివరి అధ్యాయం ఈ మూడు విడతలకు 3,023, 832, 745 అని లెక్క ఇచ్చి మొత్తం 4,600 అంటుంది. రాజుల గ్రంథం మొదటి విడతకే పదివేలమంది అంటుంది. కుటుంబ పెద్దలను మాత్రమే లెక్కించడం వల్ల ఈ తేడా వచ్చి ఉంటుందని కొందరు వివరిస్తారు. ఏది ఎలా ఉన్నా, దేశం పూర్తిగా ఖాళీ కాలేదు. ద్రాక్షతోటలు, పొలాలు చూసుకోవడానికి బీదలను విడిచిపెట్టారు. వారిపై అధికారిగా నియమించిన గెదల్యా హత్యకు గురయ్యాక, మిగిలినవారిలో కొందరు భయపడి ప్రవక్త యిర్మీయాను కూడా వెంటబెట్టుకొని ఐగుప్తుకు పారిపోయారు.

అష్షూరుకు భిన్నంగా బబులోను వారు యూదులను గుంపులుగానే ఉండనిచ్చారు. చెరలో ఉన్న ప్రవక్త యెహెజ్కేలు బబులోను దేశంలోని కెబారు నది దగ్గర తేలాబీబులో తనవారి మధ్యనే నివసించాడు; పెద్దలు ఆయన ఇంటికి వచ్చి కూర్చునేవారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని యిర్మీయా ఉత్తరం రాయడానికి వీలైంది కూడా వారు కలిసి ఉన్నందువల్లనే. దీనికి బైబిలు బయట కూడా ఆధారాలున్నాయి. బబులోనులో దొరికిన మట్టి పలకల్లో యూదా రాజైన యెహోయాకీనుకు, ఆయన ఐదుగురు కుమారులకు నూనె కొలిచి ఇచ్చిన లెక్కలున్నాయి. ఇటీవలి దశాబ్దాల్లో వెలుగులోకి వచ్చిన మరికొన్ని పలకల్లో “యాహూదు” అనే ఊరు కనిపిస్తుంది. అక్కడి యూదులు పొలాలు సాగుచేసి, పన్నులు కట్టి, బార్లీకి, ఖర్జూరాలకు పత్రాలు రాసుకున్నారు. ఊరి పేరే యూదా అయినచోట పిల్లలు తాము ఎవరో మరచిపోవడం కష్టం. క్రీ.పూ. 539లో బబులోనును జయించిన పారసీక రాజు కోరెషు అనుమతి ఇచ్చినప్పుడు తిరిగి వెళ్లడానికి ఒక సమాజం సిద్ధంగా ఉందంటే కారణం ఇదేనని నా నమ్మకం. ఎజ్రా గ్రంథం 42,360 మంది సమాజాన్ని లెక్కించింది. అయితే ఎందరో బబులోనులోనే ఉండిపోయారు.

ఇక పది గోత్రాలు. చెదరిపోయినవారిలో ఎక్కువమంది రెండు మూడు తరాల్లో చుట్టూ ఉన్న జనంలో కలిసిపోయి ఉంటారు. కానీ అందరూ చెరకు వెళ్లలేదు. షోమ్రోను పడిపోయాక కూడా హిజ్కియా పస్కాకు ఆషేరు, మనష్షే, జెబూలూను వారిలో కొందరు యెరూషలేముకు వచ్చారని దినవృత్తాంతాలు చెబుతాయి. లూకా సువార్తలో బాలయేసును చూసిన అన్న ప్రవక్త్రి ఆషేరు గోత్రికురాలు. మన గుంటూరు ప్రాంతంలో తాము ఆ పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకొనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. వారి విశ్వాసం పట్ల నాకు గౌరవం ఉంది. అయితే రాజుల గ్రంథం మాత్రం ఆ గోత్రాలను మాదీయుల పట్టణాల దాకా తీసుకువెళ్లి అక్కడే ఆపుతుంది.

మీరు మళ్లీ చదివేటప్పుడు రెండవ రాజుల గ్రంథంలో 15 నుండి 18 వరకు, తర్వాత 24, 25 అధ్యాయాలు చదివి, వాటి పక్కనే యిర్మీయా 29, 40 నుండి 43, 52 పెట్టుకోండి. పటం మీద హాబోరును, కెబారును విడివిడిగా గుర్తుపెట్టుకుంటే ఏ చెర గురించి చదువుతున్నారో ఇక కలగాపులగం కాదు.