ఇంజిన్ పార్టు మీద కంపెనీ నోటీసు వస్తే: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,
మావయ్య ఆశీస్సులు.

మీ నలుగురూ కలిసి కొన్న విమానానికి కాగితాల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏదో ఒక రోజు ఇంజిన్ తయారీదారు నుంచి నోటీసు వస్తుంది. ఫలానా పార్టులో లోపం ఉందంటుంది. "ఇది మనకు వర్తిస్తుందా?" అని మిగతా ముగ్గురూ నీ మొహమే చూస్తారు. అప్పటికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే మనసులో పెట్టుకో తల్లీ: వర్తిస్తుందని తేల్చడానికి ఎంత పని ఉంటుందో, వర్తించదని తేల్చడానికీ అంతే పని ఉంటుంది.

ముందు చేతికొచ్చిన కాగితం ఏమిటో చూడు. తయారీదారు పంపేది సర్వీస్ బులెటిన్. దాని నెత్తిన "మాండేటరీ" అని పెద్ద అక్షరాలతో ఉన్నా అది కంపెనీ మాటే. ప్రభుత్వ విమానయాన సంస్థ జారీ చేసే ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అంటే అందరూ ఏడీ అనేది, చట్టం. లైకమింగ్, కాంటినెంటల్ ఇంజిన్లకు ఏడీలు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నుంచి, రోటాక్స్‌కు యూరప్ విమానయాన సంస్థ ఈఏఎస్ఏ నుంచి మొదలవుతాయి. విమానం ఏ దేశంలో నమోదైందో ఆ దేశపు నిబంధనలు కూడా చూసుకోవాలి. ఎఫ్ఏఏ నిబంధనల ప్రకారం ఏడీ పాటించే బాధ్యత ముందుగా యజమానిది, ఆపరేటర్‌ది. "మెకానిక్ చూసుకుంటాడులే" అన్న మాట అక్కడ చెల్లదు.

అలాగని ఏడీ వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకు. బులెటిన్ చదివేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకో: ఈ పార్టు పాడైతే ఏమవుతుంది? ఇంజిన్ ఆగిపోతుందన్నా, మంట లేస్తుందన్నా, విమానాన్ని ఆరోజే నిలిపెయ్యి. మెల్లగా అరిగి తనిఖీలో దొరికే రకమైతే వచ్చే తనిఖీ దాకా ఆగొచ్చు. 2023 ఫిబ్రవరిలో కాంటినెంటల్ ఇచ్చిన ఎంఎస్‌బీ 23-01 (మాండేటరీ సర్వీస్ బులెటిన్) మొదటి రకం. క్రాంక్‌షాఫ్ట్ అనే ఇంజిన్ ప్రధాన ఇరుసు మీది కౌంటర్‌వెయిట్లను, అంటే అదురు తగ్గించే బరువులను, పట్టి ఉంచే రింగులు గాడిలో సరిగా కూర్చోకపోయి ఉండొచ్చని దాని సారాంశం. రింగు ఊడితే బరువు వదులవుతుంది, ఇంజిన్ లోపలే విరుగుతుంది. అందుకే 200 గంటలు నిండని ఇంజిన్లను ఎగరనివ్వొద్దని చెప్పారు. వెంటనే ఏడీ 2023-04-08 కూడా వచ్చింది. ఇక్కడ కొత్త ఇంజిన్లకే ప్రమాదం ఎక్కువని గమనించు. "మనది కొత్తది, మనకేం భయం" అనుకున్నవాళ్లే ముందు కంగారు పడాల్సిన సందర్భం అది.

ఇక వర్తింపు సంగతి. నోటీసు పట్టుకుని హ్యాంగర్‌కి వెళ్లు. ఇంజిన్ మీదున్న డేటా ప్లేటు తుడిచి, మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా, సీరియల్ నంబరు ఒక్క అంకె వదలకుండా రాసుకో, ఫోటో కూడా తీసుకో. లాగ్‌బుక్కు అట్ట మీది నంబరును నమ్ముకోవద్దు. ఆ నంబరు జాబితాలో లేకపోతే పని సగమే అయింది. లోపం ఉన్న పార్టులు కొత్త ఇంజిన్లలోనే కాదు, విడిగా కూడా అమ్ముడవుతాయి. 2017లో లైకమింగ్ ఇచ్చిన సర్వీస్ బులెటిన్ 632 చూడు. పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ చిన్న కొసలో ఉండే బుష్ (లోహపు గొట్టం ముక్క) వదులై పక్కకు జరిగే అవకాశం అందులోని విషయం. బుష్ జరిగితే రాడ్ విరుగుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది. కొత్త ఇంజిన్లతో పాటు, ఆ కాలంలో పంపిన రాడ్లు, బుష్‌లు వాడి ఓవర్‌హాల్ చేసినవీ (అంటే పూర్తిగా విప్పి బాగుచేసినవీ), రిపేరు చేసినవీ దాని కిందికి వచ్చాయి. దాని వెంట వచ్చిన ఏడీ 2017-16-11 తనిఖీకి ఇచ్చిన గడువు పదంటే పది గంటలు.

అందుకని లాగ్‌బుక్కు మొదటి పేజీ నుంచీ తిరగెయ్యాలి. ఎప్పుడు సిలిండర్ తీశారు, ఎప్పుడు రాడ్ మార్చారు, ఆ పార్టులు ఏ వర్క్ ఆర్డర్ మీద, ఏ రిలీజ్ సర్టిఫికెట్‌తో (పార్టు వాడకానికి తగినదని ఇచ్చే పత్రంతో) వచ్చాయి? "ఓవర్‌హాల్ చేయబడినది" అని ఒక్క వాక్యం రాసి వదిలేసిన పేజీ తగిలితే, ఆ ఓవర్‌హాల్ షాపుకి రాసి పార్టుల జాబితా తెప్పించు. ఇది విసుగు పని. అయినా నోటీసుకు సరైన జవాబు దొరికేది ఇక్కడే. మాగ్నెటో (ఇంజిన్‌లో నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది), కార్బురేటర్, ఫ్యూయల్ పంప్, ప్రొపెల్లర్‌లను మర్చిపోకు. వాటి ఏడీలు వేరు, వాటి డేటా ప్లేట్లు వేరు. ఇంజిన్ సీరియల్ చూసి మాగ్నెటో గురించి ఏమీ చెప్పలేం. వేరే విమానం మీంచి తెచ్చి బిగించిన మాగ్నెటోలూ ఉంటాయి.

వర్తిస్తుందని తేలితే గడువు లెక్క కట్టు. ఏడీ అమల్లోకి వచ్చిన తేదీ నుంచి లెక్క మొదలవుతుంది, నీకు అందిన రోజు నుంచి కాదు. ఎమర్జెన్సీ ఏడీ మాత్రం అందిన క్షణం నుంచే అమలు. ఎఫ్ఏఏ లెక్కలో "టైమ్ ఇన్ సర్వీస్" అంటే విమానం నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా. ఇంజిన్ నడిచిన గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ ట్యాక్సీని (నేల మీద నడిపిన సమయాన్ని) కూడా కలుపుకుంటుంది కాబట్టి ఆ రెండు అంకెలూ కలవవు. ఏ లెక్క వాడుతున్నావో ఒకటే పట్టుకుని చివరిదాకా దాన్నే వాడు. ఒక్కసారి చేస్తే తీరిపోయే తనిఖీయా, ఇన్ని గంటలకోసారి చేస్తూ ఉండాల్సిందా అన్నది కూడా చూడు. విమానం వేరే ఊళ్లో చిక్కుకుంటే రిపేరు చోటికి ఎగరనివ్వమని ప్రత్యేక ఫ్లైట్ పర్మిట్ అడగొచ్చు, కాకపోతే కొన్ని ఏడీలు దాన్నీ ఒప్పుకోవు.

పని జరిగేటప్పుడు నా బెంగ వేరే. నోటీసులోని లోపం మన ఇంజిన్‌లో ఉండకపోవచ్చు, దాన్ని వెతకబోయి కొత్త లోపం తెచ్చిపెట్టుకోవడం మాత్రం సులువు. రాడ్ చూడాలన్నా, కౌంటర్‌వెయిట్ చూడాలన్నా సిలిండర్ తీయాలి. సిలిండర్‌ను పట్టుకునే పొడవాటి స్టడ్లే (మర ఉన్న కడ్డీలే) క్రాంక్‌కేస్ రెండు సగాలనూ, మెయిన్ బేరింగులనూ బిగించి ఉంచుతాయి. సిలిండర్ తీసి, ఆ స్టడ్లకు టార్క్ ప్లేట్లు (సిలిండర్ లేనప్పుడు బిగువు నిలిపే పలకలు) బిగించకుండా ప్రొపెల్లర్ తిప్పితే బేరింగ్ షెల్ జరిగి ఆయిల్ రంధ్రం మూసుకుపోవచ్చు. సిలిండర్ బయట ఉన్నన్నాళ్లూ ప్రొపెల్లర్‌కి "తిప్పరాదు" అని అట్ట కట్టించు.

తిరిగి బిగించేటప్పుడు పక్కనే నిలబడు. లైకమింగ్ పద్ధతిలో అర అంగుళం నట్లన్నీ ముందు 300 అంగుళం-పౌండ్ల (బిగింపు బలపు కొలత) దాకా, తర్వాత 600కు, ఆ పైన 3/8 అంగుళం నట్లు 300కు, మాన్యువల్ బొమ్మలో చూపిన వరుసలోనే బిగించాలి. మర మీద మాన్యువల్‌లో చెప్పిన నూనే పూయాలి. 90 శాతం ఎస్ఏఈ 50 ఇంజిన్ ఆయిల్, 10 శాతం ఎస్‌టీపీ (ఆయిల్‌లో కలిపే ద్రవం) కలపడం అందులో ఒకటి. పొడి మర మీద బిగిస్తే రెంచి 600 చూపిస్తుంది గానీ, ఆ బలంలో చాలా భాగం రాపిడికే పోయి స్టడ్‌కి బిగువు అందదు. సిలిండర్ ఫ్లేంజ్ కింద రంగో, సీలెంటో మిగిలితే అది తర్వాత నలిగి నట్లు వదులవుతాయి, స్టడ్లు విరుగుతాయి. కొత్త గాస్కెట్లు, ఓ-రింగులు, స్ప్లిట్ పిన్నులు ముందే తెప్పించి ఉంచు, పాతవి మళ్లీ వాడనివ్వొద్దు. కొత్తగా వచ్చిన పార్టు నంబరును కూడా నోటీసుతో సరిచూడు. లోపమున్న లాట్‌లోదే (ఒకే విడతలో తయారైన వాటిలోదే) గోదాములోంచి తిరిగి రాకూడదు కదా.

కొన్ని నోటీసులు చిన్నవి. రోటాక్స్ 912 కార్బురేటర్ ఫ్లోట్లు (గిన్నెలో పెట్రోల్ మీద తేలుతూ దాని మట్టాన్ని అదుపు చేసేవి) పెట్రోల్ పీల్చుకుని మునిగిపోతాయన్నది అలాంటిదే. ఒక గిన్నెలోని రెండు ఫ్లోట్లూ కలిపి 7 గ్రాములు దాటితే మార్చెయ్యాలి. గ్రాము గ్రాముకీ దూకే త్రాసు దీనికి చాలదు, పదో వంతు గ్రాము చూపించేది కావాలి.

పని ముగిశాక నేల మీద నడిపి లీకులు చూడండి. మొదటి ఫ్లైట్ రన్‌వేకి దగ్గర్లోనే చెయ్యండి. తర్వాత ఆయిల్ ఫిల్టర్ కోయించి లోపలి కాగితం మడతలు విప్పి చూడండి. కోయడానికి ఫిల్టర్ కట్టరే వాడాలి, హాక్సా బ్లేడు వాడితే దాని రజనే ఇంజిన్ రజనులా కనిపిస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది ఉక్కు. అంటుకోని పసుపు తునకలు కంచువి, అంటే బుష్‌ల వైపు చూడాలన్నమాట.

లాగ్‌బుక్కులో "ఏడీలు చూశాం" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ఇలా ఉండాలి: ఏడీ నంబరు, సవరణ తేదీ, ఇంజిన్ సీరియల్ నంబరు, అప్పటి మొత్తం గంటలు, ఏ పద్ధతిలో చేశారు, మళ్లీ చేయాల్సిందైతే ఎన్ని గంటలకు, ఏ తేదీకి, సంతకం, లైసెన్సు నంబరు. వర్తించకపోతే కారణం రాయాలి: "సీరియల్ నంబరు జాబితాలో లేదు, ఆ కాలంలో రాడ్లు గానీ బుష్‌లు గానీ మార్చిన దాఖలా లేదు, కాబట్టి వర్తించదు." రేపు కొనేవాడు అడిగినా, ఇన్‌స్పెక్టర్ అడిగినా ఆ వాక్యమే చూపిస్తావు.

తీసిన పార్టును తుక్కులో వెయ్యొద్దు. సీరియల్ నంబరు, గంటలు రాసిన ట్యాగ్ కట్టి, ఫోటో తీసి దాచు. పార్టు ఖర్చు, కొన్నిసార్లు కూలీ కూడా కంపెనీ భరిస్తుంది గానీ, చాలామంది పని మొదలయ్యాక అడిగి లేదనిపించుకుంటారు. పార్టు వెనక్కి పంపాలా, ఎన్నాళ్లలోపు క్లెయిమ్ పెట్టాలి అన్నది బులెటిన్ చివరి పేజీలో ఉంటుంది, ముందు అదే చదువు. లోపం నిజంగా బయటపడితే విమానయాన సంస్థకు కూడా రిపోర్టు పెట్టు. అలాంటి రిపోర్టులు కూడితేనే తర్వాతి ఏడీ పుడుతుంది, ఇంకొకరి ఇంజిన్ ఆగకముందే.

ఈ వారంలోనే ఒక పని చెయ్యి. నోటీసులు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న చిరునామాకు వస్తాయి, పాత యజమాని చిరునామా ఇంకా మార్చకపోతే అవి అతని ఇంటికే పోతాయి. చిరునామా మార్పించి, ఇంజిన్, మాగ్నెటో, ప్రొపెల్లర్ కంపెనీల ఈమెయిల్ జాబితాల్లోనూ, ఎఫ్ఏఏ ఏడీల జాబితాలోనూ నీ పేరు, ఇంకొకరి పేరు చేర్చు. నువ్వు ఊళ్లో లేని రోజున ఆ రెండో మనిషి చూడాలి.

ఇట్లు,
మీ మావయ్య