కుండ ఆకారంలో కొట్టు కట్టాలంటే

ప్రశ్న: మాది కుమ్మరి కుటుంబం. దేవరకొండ రోడ్డు పక్కన మా జాగాలో రంజన్లు, బోనం కుండలు అమ్మే కొట్టును కుండ ఆకారంలోనే కట్టించాలని ఉంది. అడుగున 8 అడుగులు, పొట్ట దగ్గర 12 అడుగుల వెడల్పు. ఇటుకతో లేపుతానంటున్నాడు మేస్త్రీ. నిలబడుతుందా?

జవాబు: ఇటుక వద్దు. పొట్ట కింది గోడ బయటికి వాలి ఉంటుంది. పైబరువు దాన్ని ఇంకా బయటికి నెడుతుంది. ఇటుక నొక్కుడుకు ఆగుతుంది గానీ లాగుడుకు ఆగదు, పొట్ట చుట్టూ నిలువు పగుళ్లు లేస్తాయి. మీకు సరిపోయేది ఫెర్రోసిమెంటు, అంటే ఇనుప అల్లిక మీద ఒకటిన్నర అంగుళం మందాన సిమెంటు.

ముందు గచ్చు మీద సగం కుండ గీతను అసలు కొలతకే గీయండి. 8 ఎం.ఎం. చువ్వలు 24 ఆ గీత మీద పెట్టి వంచండి. ఒక్కటి తేడాగా వంగినా కుండ సొట్టపోయినట్టు కనిపిస్తుంది. పునాది బెల్టులో అడుగుకొకటి చొప్పున నిలబెడితే, పొట్ట దగ్గరికొచ్చేసరికి ఎడం 19 అంగుళాలవుతుంది. అక్కడ మధ్యలో ఒక్కో చువ్వ అదనంగా కట్టాలి. 6 ఎం.ఎం. కడియాలు ఆరేసి అంగుళాలకొకటి చుట్టి, లోపలా బయటా రెండేసి పొరల కోళ్ల జాలి బిగించాలి. జాలి వదులుగా ఉంటే తాపీ తగిలినప్పుడల్లా ఊగుతుంది, వెనక బోలు మిగిలిపోతుంది. వాన నీరు చేరి తుప్పు మొదలయ్యేది అక్కడే.

సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు. బస్తాకు నీళ్లు 20 లీటర్లు దాటనివ్వొద్దు. పలుచన చేస్తే పని సులువే, ఎండాక సన్న పగుళ్లు మాత్రం ఖాయం. పొట్ట కింద మాలు లోపలి నుంచి కొట్టాలి, బయటి నుంచి కొడితే జారి కిందపడుతుంది. పొట్ట పైన బయటి నుంచి కొడుతూ, లోపల ఇంకో మనిషి పలక అడ్డం పట్టుకోవాలి. మొదలుపెట్టిన వరుస చుట్టు తిరిగి కలిసేదాకా ఆపొద్దు.

తలుపు దగ్గర కడియాలు తెగిపోతాయి కాబట్టి చుట్టూ 12 ఎం.ఎం. చువ్వలు జంటగా పెట్టి, తెగిన కొసలను వాటికి మెలేయాలి. పైభాగం కమానుగా ఉంచండి, చదరపు మూల నుంచే చీలిక పుడుతుంది. కుండ మూతి మూసేయొద్దు, వేడి పోయే దారి అదే. ఆరంగుళాలు ఎత్తి మూత పెడితే చాలు. గోనె పట్టాలు కప్పి 14 రోజులు తడపండి. మే నెలలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. సిమెంటు పనికి వాడొచ్చా?

జవాబు: ఫ్లోరైడ్ గొడవ తాగేవాళ్ల పళ్లకు, ఎముకలకు. ఇక్కడ చూడాల్సింది క్లోరైడ్, అంటే ఉప్పదనం. ఇనుము వేసే కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటు పనులకు భారత ప్రమాణం) ప్రకారం లీటరు నీటిలో 500 మిల్లీగ్రాములు మించరాదు. ఈ గోడలో ఇనుము మీద కప్పు చాలా పలుచన, ఉప్పునీళ్లయితే తొందరగా తుప్పు పడుతుంది. పరీక్ష చేయించండి.

ప్రశ్న: నిజం మట్టితోనే కట్టి, ఆవంలా కాల్చకూడదా?

జవాబు: కొలంబియాలో విల్లా దె లేవా దగ్గర కాసా టెర్రాకోటా అనే ఇల్లుంది, మట్టితో కట్టి కాల్చిందే. కానీ అంత పెద్ద గోడ లోపలా బయటా ఒకే తీరున ఆరదు, ఆరకముందే సెగ తగిలితే పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, అక్కడ మంట తొందరపడితే చీలికే. అమెరికాలో జిల్లా అనే ఊళ్లో టీ కెటిల్ ఆకారంలో కట్టిన 1922 నాటి పెట్రోలు బంకుకు కూడా పిడి రేకుది, కొమ్ము కాంక్రీటుది, కాల్చిన మట్టివి కావు. మీరు కాల్చిన మట్టి బిళ్లలను సిమెంటు గోడకు అతికించండి. బిళ్ల నాలుగంగుళాలు దాటితే పొట్ట వంపు మీద కూర్చోదు.