వ్యాయామంతో పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో రుతుక్రమం తప్పే అండాశయ సమస్య) తగ్గుతుందని ఎలుకల్లో తేలితే మనుషులకూ వర్తిస్తుందా?

యథాతథంగా వర్తించదు, వ్యాయామం శరీరంలో ఏ దారిలో పనిచేస్తుందో మాత్రం ఎలుకలు చూపిస్తాయి. ఆహారం, వయసు, జన్యువులు ఒకేలా ఉంచి వ్యాయామాన్ని ఒక్కదాన్నే మార్చడం, ఆపై అండాశయాన్ని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడటం మనుషుల్లో కుదరని పని. పైగా ఎలుక రుతుచక్రం 4-5 రోజులే కాబట్టి మార్పు త్వరగా బయటపడుతుంది.

ఉదాహరణకు, చిన్న వయసులోనే చర్మం కింద డైహైడ్రోటెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ గుళిక అమర్చిన ఎలుకల్లో రుతుక్రమం తప్పుతుంది, కొవ్వు పెరుగుతుంది. బోనులో పరుగు చక్రం పెడితే అవి తమంతట తామే పరిగెత్తాయి, అండాశయ నిర్మాణం కొంత మెరుగుపడింది.

ఆ ఎలుకలకు పీసీఓఎస్ వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు, అది మందుతో తెప్పించిన పోలిక మాత్రమే. ఏ మందు వాడామన్నదాన్ని బట్టి ఆ పోలిక కూడా మారుతుంది: ఈస్ట్రోజన్ తయారీని అడ్డుకునే లెట్రోజోల్ అనే మందు ఇస్తే, అండం విడుదలకు తోడ్పడే ఎల్‌హెచ్ హార్మోన్ పెరుగుతుంది, పై గుళికతో పెరగదు. ఎన్ని నిమిషాలు నడవాలన్న ప్రశ్నకు జవాబు మహిళలపై జరిగిన పరీక్షల్లోనే వెతకాలి.