బిడ్డా, ఆ రెజ్యూమె పంపే ముందు

బిడ్డా,

నువ్వు ప్లాంట్ హెడ్ ఉద్యోగం వదిలి సీవోవో (కంపెనీ పనులన్నీ నడిపించే పెద్ద ఆఫీసర్) పోస్టులకు చూస్తున్నావని నిన్న మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు, గొంతులో సంబరం దాచుకోలేకపోయాడు. నాకైతే రాత్రి ఒంటిగంట దాకా నిద్ర లేదు. గర్వం సగం, టెన్షన్ సగం. కొత్త ఆఫర్ లెటర్ చేతికి రాకముందు ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చావో, నీకు 48 ఏళ్లని కూడా చూడను, తిడతాను.

నీ రెజ్యూమె మీ తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. ఐదు పేజీలా! రెండుకు తే. ఫోటో, తండ్రి పేరు, అడుగున ఉన్న ఆ డిక్లరేషన్ అన్నీ తీసేయ్ (తండ్రి పేరు తీసేయమన్నది నేనేనని మీ బాపుకు చెప్పకు). రెండు కాలమ్‌లు, బాక్సులు వద్దు, చాలాచోట్ల ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది, దానికి అవి గజిబిజి. పదిహేనేళ్ల కింది ఉద్యోగాలకు ఒక్కో లైన్ చాలు. ఆర్‌ఈసీ అని రాశావు, అది 2002లోనే ఎన్ఐటీ అయింది కదా, 'ఎన్ఐటీ వరంగల్ (అప్పటి ఆర్‌ఈసీ)' అని రాయి. చేరిన తేదీలు, మానేసిన తేదీలు నీ పీఎఫ్ రికార్డుతో సరిపోవాలి, వెరిఫికేషన్ వాళ్లు అక్కడే పట్టుకుంటారు.

ఇవి ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది, మీ పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

2006లో కోయంబత్తూరులో ఒక పెద్ద మిల్లు గ్రూపు వాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు. నా రెజ్యూమెలో పైనే, 'నష్టాల్లో ఉన్న స్పిన్నింగ్ మిల్లును ఏడాదిలో లాభాల్లోకి తెచ్చాను' అని బోల్డ్‌లో కొట్టించాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన అది చదివి, 'ఏ ఏడు?' అన్నాడు. 2004-05 అన్నాను. 'పత్తి విరగపండి రేటు పడిపోయిన ఏడు కదా, ఆ ఏడు లాభం రాని మిల్లేదో చెప్పండి' అన్నాడు. నూలు ఖర్చులో సగానికి పైగా పత్తిదే, ఆ సంగతి నాకంటే ఆయనకు బాగా తెలుసు. నా నాలుక ఎండిపోయింది. తర్వాత కరెంటు బిల్లు తగ్గించిన లైన్ మీదికి వచ్చి, ఎట్లా తగ్గించారన్నాడు. నిజానికి ఆ పని మా ఎలక్ట్రీషియన్‌ది. మిషన్లు ఆగిన రాత్రుళ్లు పైపుల వెంట చెవి పెట్టుకుని తిరిగి, కంప్రెసర్ గాలి ఎక్కడెక్కడ లీకవుతోందో పట్టుకున్నాడు, ఆ గాలి నింపడానికే కరెంటు కాలేది. నేను కాగితం మీద సంతకం పెట్టాను, అంతే. నాదేనని చెప్పుకున్నాను. ప్రెషర్ ఎంతకు తగ్గించారని అడిగితే చెప్పలేకపోయాను. వరంగల్ స్టేషన్‌లో దిగేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు, తెల్లారి గేటు దగ్గర ఆ ఎలక్ట్రీషియన్ నమస్తే సార్ అంటే ముఖం ఎత్తలేకపోయాను.

అసలు ఏడుపు ఇంకొకటుంది. ఆ ఏడు నేను నిజంగా చేసిన పని ఒకటి ఉండేది. ఎనుమాముల మార్కెట్‌కు పొద్దున్నే నేనే పోయి, పత్తి బండ్ల వరస చూసి, రేటు ఇంకా పడుతుందని చైర్మన్‌తో కొట్లాడి మూడు నెలల స్టాకు కొననివ్వలేదు. నెల స్టాకుతోనే మిల్లు నడిపాం. ఆ నిర్ణయం నాది. రేటు పడకపోతే ఉద్యోగమూ పోయేది. అదే ఆ రెజ్యూమెలో లేదు! చెప్పుకోదగ్గ పనిలా అనిపించలేదు నాకప్పుడు.

నేను లేనిది రాసుకుని చెడ్డాను, నువ్వు ఉన్నది రాసుకోవడం లేదు. ఎక్కడ చూసినా 'టీమ్ సాధించింది', 'పాలుపంచుకున్నాను'. 2020 లాక్‌డౌన్‌లో కూలీలు ఊర్లకు పోతే, ఒక ప్రొడక్షన్ లైన్ మూసి మిగతా రెండు ఆగకుండా నడిపింది ఎవరు? రోజూ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది ఎవరు? 'రోజువారీ ఉత్పత్తి బాధ్యతలు' అని రాసి దాన్ని పూడ్చిపెట్టావు. ఎంతమందితో నడిపావు, ఎంత బడ్జెట్ నీ చేతిలో ఉంది, ఏం వదులుకుని ఏం కాపాడావు, అది పైన రాయి. కంపెనీ అంకెలు బయటపెట్టకూడనివైతే శాతాల్లో రాయి. ప్రతి అంకె పక్కన పెన్సిల్‌తో, ఆ ముసలాయన అడిగే రెండో ప్రశ్న రాసుకో. జవాబు లేని అంకె కొట్టేయ్.

సద్దుల బతుకమ్మకు వస్తావుగా, ప్రింటు తీసుకురా, పెద్ద అక్షరాల్లో. ఫోన్లో నాకు కనబడదు. పెద్దమ్మ మలీద చేస్తానంటోంది, ముందు రెండు పేజీలు చూపిస్తేనే పెడుతుందట.

మీ పెద్దబాపు
హనుమకొండ