రివెట్లు లెక్కపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

విమానాల ప్లాస్టిక్ మోడల్ కిట్ మీద నువ్వు రాసిన మొదటి సమీక్ష అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. నొచ్చుకోకు. నా మొదటి సమీక్షను ఎవరూ అలా చదివి పెట్టలేదు కాబట్టే ఒకే తప్పును పదేళ్లపాటు చేసుకుంటూ పోయాను.

ముందు బాగున్నది చెబుతాను. పెట్టె మూత మీది బొమ్మ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. ఇది చిన్న సుగుణం కాదు. చాలామంది సమీక్ష సగం ఆ మూత దగ్గరే అయిపోతుంది. స్ప్రూలు (విడిభాగాలు అతుక్కుని వచ్చే చట్రాలు) ఎన్ని, కానోపీ (పైలట్ మీది పారదర్శక మూత) ఎంత తేటగా ఉంది, డీకాల్స్‌తో (విమానం మీద అతికించే గుర్తులతో) ఎన్ని రకాల విమానాలు చేసుకోవచ్చు, అన్నీ పొందికగా చెప్పావు. రెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇలా రాశావు: “ఉపరితలం అద్భుతం. రెక్క నిండా రివెట్లు, ఎక్కడా ఖాళీ లేదు.” నా పెన్ను అక్కడే ఆగింది. ఎందుకంటే నీ చేతిలో ఉన్నది 1/48 స్కేలు, అంటే అసలు కంటే 48 రెట్లు చిన్నదైన పి-51డి మస్టాంగ్, రెండో ప్రపంచ యుద్ధపు అమెరికన్ యుద్ధవిమానం.

మస్టాంగ్ రెక్క ప్రత్యేకత అంతా దాని నునుపులో ఉంది. గాలి ఆ రెక్క మీద అలజడి లేకుండా వీలైనంత దూరం జారాలని దాన్ని తయారుచేసిన నార్త్ అమెరికన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. రెక్క ముందు అంచు నుంచి వెనక్కి, వెడల్పులో దాదాపు 40 శాతం మేర, రివెట్లనూ (రేకులను బిగించే మేకుల్లాంటివి) రేకుల అతుకులనూ పుట్టీతో పూడ్చేవారు. పైన ప్రైమరు కొట్టి, నున్నగా రుద్ది, వెండి రంగు వేసేవారు. ఆ మేర కనిపించేవి తుపాకుల అర మూతలు, తూటాల అర మూతలు, అలాంటివి మరికొన్ని. అంటే నువ్వు మెచ్చుకున్నదే ఆ కిట్‌లోని తప్పు.

“మాష్టారూ, నేను చూసిన ఫొటోల్లో రివెట్లు స్పష్టంగా ఉన్నాయి” అంటావు. ఉంటాయి. నువ్వు చూసినవి ఈనాటి ఎయిర్ షోలలో ఎగిరే మస్టాంగ్‌లు. వాటి యజమానుల్లో చాలామంది ఆ పుట్టీనీ రంగునూ ఊడదీసి, అల్యూమినియాన్ని అద్దంలా మెరిపిస్తారు. 1944లో విమానం ఎలా ఉండేదో చెప్పడానికి అలాంటి విమానం సాక్షి కాదు. పెళ్లికి ముస్తాబు చేసిన ఇంటిని చూసి మామూలు రోజుల్లో ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పినట్టు అవుతుంది.

అందుకే, కిట్ పెట్టె తెరిచే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం నేర్చుకో: ఈ విమానం చర్మం దేనితో చేసింది? ఎన్ని గీతలున్నాయి, ఎంత సన్నగా ఉన్నాయి అన్నవి ఆ తరువాతి సంగతులు.

అదే యుద్ధంలోని బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌నే తీసుకో. తల చదునుగా, రేకులో కలిసిపోయే రివెట్లు కొట్టడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. విమానమంతా అవే కావాలా, కొన్నిచోట్ల గుండ్రటి తలవి సరిపోతాయా అన్న సందేహం దాన్ని తయారుచేసిన సూపర్‌మెరైన్ సంస్థ ఇంజనీర్లకు వచ్చింది. వాళ్లు చేసిన పరీక్ష నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వు తెప్పిస్తుంది. బఠాణీ బద్దలు తెచ్చి, నమూనా విమానం మీద ఒక్కో చదును రివెట్ తల మీద ఒక్కో బద్ద అంటించి ఎగరేశారు. వేగం గంటకు 22 మైళ్లు, అంటే దాదాపు 35 కిలోమీటర్లు పడిపోయింది. తరువాత వరుసలవారీగా బద్దలు పీకుతూ, ఎక్కడ నునుపు తప్పనిసరో, ఎక్కడ కాదో తేల్చుకున్నారు. మొదటి స్పిట్‌ఫైర్లకు రెక్కల మీద చదును రివెట్లు, వెనుక బాడీ మీద గుండ్రటి తల రివెట్లు ఉండటం అలా వచ్చింది. కాబట్టి తొలి స్పిట్‌ఫైర్ కిట్‌లో రెక్క, బాడీ రెండూ ఒకే రకం రివెట్లతో ఉంటే, వాటిని ఎంత చక్కగా చెక్కినా, ఆ అచ్చు చేసినవాడికి ఈ బఠాణీల సంగతి తెలియదని నువ్వు రాయాలి.

ఇక మస్కిటో, ఇదీ ఆ యుద్ధకాలపు బ్రిటిష్ విమానమే. ఇది మన గోదావరి వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విమానం. డి హావిలాండ్ సంస్థ దీన్ని చెక్కతో చేసింది. బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికపాటి బాల్సా చెక్క. బాడీని నిలువుగా రెండు సగాలుగా తయారుచేసి, లోపలి సామాను చాలావరకు ముందే బిగించి, తరువాత రెండు సగాలనూ జిగురుతో కలిపేవారు. మనం కిట్‌తో బల్ల మీద చేసే పనే, నిజం విమానానికి ఫ్యాక్టరీలో చేశారన్నమాట. ఆ చెక్క మీద ఒక పలుచని నూలు బట్ట పరిచి, డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూసి బిగించేవారు. ఆ బట్ట పేరు మడపోలం. నరసాపురం దగ్గరి మాధవాయపాలెమే ఆ మడపోలం. ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్టల వ్యాపారానికి స్థావరం పెట్టుకుంది. ఊరి పేరు బట్ట పేరైంది. యుద్ధకాలంలో మస్కిటోల మీద పరిచింది మన మగ్గాల మీద నేసింది కాకపోవచ్చు, పేరు మాత్రం మన ఊరిది.

చెక్క, దాని మీద బట్ట, దాని మీద రంగు. ఇక రివెట్లు ఎక్కడివి? ప్యానెల్ లైన్లు, అంటే రేకుల అతుకుల గీతలు, ఎక్కడివి? ఇంజిన్ల చుట్టూ ఉండే లోహపు కవుళ్లకు (తొడుగులకు) ఉంటాయి, తనిఖీ మూతలకు ఉంటాయి. మిగతా బాడీ కోడిగుడ్డులా నున్నగా ఉండాలి. ఒకసారి నా చేతికి వచ్చిన మస్కిటో కిట్‌లో బాడీ పొడవునా అడ్డగీతలు, వాటి పక్కన చుక్కల వరుసలు ఉన్నాయి. తయారుచేసిన సంస్థ పేరు ఇప్పుడు అనవసరం. నాలుగు రోజులు పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, అవన్నీ చెరిపేశాను. ఆ కిట్‌ను అంతకుముందు నెలలో “వివరాలకు పుట్టిల్లు” అని పొగిడిన సమీక్షకుడు కూడా నేనే. సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను.

హరికేన్ అనే మరో బ్రిటిష్ యుద్ధవిమానం వెనుక బాడీ సంగతీ ఇలాంటిదే. అక్కడ బట్ట కింద ఉన్న కర్ర బద్దల ఆనవాళ్లు కనిపించాలి. కానీ డోప్ పూసిన బట్ట డప్పు తోలులా బిగుసుకుని ఉంటుంది. కొన్ని కిట్లలో అది కరువు సంవత్సరపు ఎద్దు డొక్కలా లోపలికి పోయి ఉంటుంది. చూడగానే “ఎంత వివరం!” అనిపించేది ఇలాంటివే. అనుమానించు.

ఇప్పుడు కొంచెం లెక్క. నీ మస్టాంగ్ మీద ప్యానెల్ లైను వెడల్పు 0.15 మిల్లీమీటర్లు ఉందనుకో. 48తో గుణించు. నిజం విమానం మీద 7.2 మిల్లీమీటర్ల సందు, పెన్సిల్ ఇరికేంత. 1/72 కిట్ మీద 0.2 ఉంటే 14.4 మిల్లీమీటర్లు, వేలు దూరుతుంది. అలాంటి సందులున్న విమానం ఎక్కమంటే నువ్వు ఎక్కుతావా? అలాగని స్కేలుకు సరిపడే గీత చెక్కితే రెండు పొరల రంగు కింద మాయమైపోతుంది. కనుక గీత వెడల్పులో, లోతులో కొంత అబద్ధం తప్పదు. బొమ్మ గీసేవాడు ముక్కు పక్కన నీడ కోసం గీసే గీత లాంటిదే ఇదీ.

నేను పట్టించుకునేది ఆ అబద్ధంలో వివేకం ఉందా అన్నది. బిగించేసిన రెండు రేకుల అతుకు, రోజూ తెరిచి మూసే మూత అంచు, రెక్క వెనుక అంచున కదిలే పలక ఐలెరాన్ చుట్టూ ఉండే ఖాళీ, ఈ మూడూ వేరువేరు. మూడింటినీ ఒకే లోతులో చెక్కిన కిట్‌లో గీతలు ఎంత సన్నగా ఉన్నా నాకు గౌరవం కలగదు.

దూరం సంగతి కూడా ఉంది. 1/72 మోడల్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని చూస్తే, నిజం విమానాన్ని 21.6 మీటర్ల నుంచి చూసినట్టు. 1/48 అయితే 14.4 మీటర్లు. దీన్ని కాగితం మీద నమ్మనక్కరలేదు. విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 గస్తీ విమానం ఉంది కదా, 2017లో నౌకాదళం సేవ నుంచి తప్పుకున్నది. ఈ చివర నుంచి ఆ చివరకు 50 మీటర్ల రెక్కలు. దాని పక్కన నిలబడి రేకుల అతుకులు చూడు. తరువాత ఇరవై రెండు పెద్ద అంగలు వెనక్కి వేసి మళ్లీ చూడు. రివెట్లు ఒక్కొక్కటిగా కనబడవు. కొన్ని అతుకులు రంగు తేడాగా మాత్రమే తెలుస్తాయి. వెలుగు ఏటవాలుగా పడే పొద్దుటి పూట వెళ్లు. మధ్యాహ్నం ఎండలో ఏమీ తెలియదు, పైగా తల తిరుగుతుంది.

నీ ఫొటోల తంటా కూడా ఇదే. దీపాన్ని పక్కనుంచి పెట్టి, ఫోను దగ్గరగా జరిపి తీశావు. అలా తీస్తే ఏ గీతైనా కాలువలా కనిపిస్తుంది. కిటికీ వెలుగులో ఒకటి, పక్క వెలుగులో ఒకటి తీసి, రెండూ పెట్టు. పక్కన రూపాయి బిళ్ల ఉంచు. వీలైతే ప్రైమరు కొట్టాక మూడోది.

అచ్చు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. పాత కిట్లలో గీతలు ఉబ్బెత్తుగా ఎందుకు ఉండేవి? ఉక్కు అచ్చులో గీత చెక్కితే ప్లాస్టిక్ మీద అది ఉబ్బుతుంది. అది సులువు. ప్లాస్టిక్ మీద గీత లోపలికి ఉండాలంటే అచ్చులో ఆ సన్నని గట్టు మాత్రం మిగిల్చి, చుట్టూ ఉన్న లోహమంతా తీసేయాలి. అది ఖరీదైన పని. ఇంకొకటి, అచ్చు రెండు పలకలూ తిన్నగా విడిపోవాలి. అందుకని బాడీ సగం మధ్యలో గీతలు స్పష్టంగా ఉండి, వీపు వైపు, పొట్ట వైపు వంపు తిరిగే చోట పలచబడి మాయమవుతాయి. నువ్వు ఫొటో తీసింది సరిగ్గా మధ్య భాగమే. అది కిట్ తన అందమైన ముఖం చూపించే చోటు. వీపు అతుకు దగ్గర చూడు, రెక్క వెనుక అంచు మందం చూడు. 1/72లో ఆ అంచు ఒక మిల్లీమీటరు ఉంటే నిజంలో 72 మిల్లీమీటర్ల మందం, గడప కమ్మీ అంత. రివెట్ల గురించి పేజీలు రాసి దీన్ని వదిలేసే సమీక్షలు ఎన్నో చూశాను.

అలాగే బాడీ లోపలి వైపు, రెక్క లోపలి వైపు తిప్పి చూడు. చాలా కిట్లలో అచ్చు చేసిన సంవత్సరం అక్కడ ఉంటుంది. కొత్త పెట్టెలో ముప్పై ఏళ్ల పాత అచ్చు వస్తే ఆ సంగతి పాఠకుడికి మొదటి పేరాలోనే చెప్పాలి. డబ్బు అతనిది.

ఆకారం గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం: “డ్రాయింగ్‌తో సరిపోయింది.” ఏ డ్రాయింగ్‌తో? ఇక్కడ నా పదేళ్ల తప్పు చెప్పాలి. ఒక స్పిట్‌ఫైర్ కిట్ రెక్క పొట్టిగా ఉందని నేను ఒక చిన్న పత్రికలో ఘాటుగా రాశాను. వైమానిక దళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పోస్టుకార్డు రాశారు. రెండే వాక్యాలు. “స్పిట్‌ఫైర్ రెక్కల పొడవు 36 అడుగుల 10 అంగుళాలు. మీ కాగితాన్ని కొలవండి.” కొలిచాను. జెరాక్సు తీసినప్పుడు నా డ్రాయింగే సాగింది. 11.23 మీటర్లను 72తో భాగిస్తే 156 మిల్లీమీటర్లు. కిట్ ఇంచుమించు అంతే ఉంది. అప్పటినుంచి ముందు అంకె, తరువాత కాలిపర్ (సన్నగా కొలిచే పనిముట్టు), ఆ తరువాతే డ్రాయింగ్. ఆ డ్రాయింగ్‌ను కూడా ఎవరు, దేన్ని కొలిచి గీశారో తెలిస్తేనే.

పొడవు వెడల్పులు సరిపోయినంత మాత్రాన ముఖం సరిపోదు. స్పిట్‌ఫైర్ రెక్క మొదట్లో రెండు డిగ్రీలు పైకి తిరిగి ఉండి, కొసకు వచ్చేసరికి అర డిగ్రీ కిందికి మెలి తిరుగుతుంది. రెక్క కింద, బాడీతో కలిసే చోట, గల్ అనే సముద్రపు పక్షి రెక్కలాంటి సన్నని వంపు ఒకటి ఉంటుంది. కాలిపర్‌కు ఇవి దొరకవు. భాగాలను టేపుతో అతికించి, కంటి ఎత్తుకు ఎత్తి, ఒక కన్ను మూసి, ముందు నుంచీ వెనుక నుంచీ చూడాలి. ఆ కాలపు ఫొటోలు పక్కన పెట్టుకో. తోక ఎత్తు అర మిల్లీమీటరు తగ్గితే ఎవరికీ తెలియదు. మూతి వంపు తప్పితే, విమానాల గురించి ఏమీ తెలియని మీ అమ్మగారు కూడా “ఇది అది కాదేమో” అంటారు. రివెట్లను చెరిపేయవచ్చు, గీతలను మళ్లీ చెక్కుకోవచ్చు. తప్పు మూతితో వచ్చిన బాడీని ఏం చేస్తావు?

భాష గురించి ఒక్క మాట. నీ సమీక్షలో “అద్భుతం” ఏడుసార్లు ఉంది. లెక్కపెట్టాను. ఏడూ కొట్టేసి, ఆ స్థానంలో నీకు కనిపించింది రాయి. “ఐలెరాన్ చుట్టూ గీత మిగతావాటికంటే లోతుగా ఉంది” అంటే పాఠకుడికి ఒక సంగతి తెలుస్తుంది. తిట్టేటప్పుడూ అంతే. ఎంత తప్పు, ఎక్కడ తప్పు, సరిచేయడానికి ఎన్ని గంటలు పడుతుంది. మూడోది చాలామంది రాయరు, కొనేవాడికి కావలసింది అదే.

మస్టాంగ్ సమీక్షను చింపేయకు. రెక్క పేరా తిరగరాసి పంపు. చక్రాలు ముడుచుకునే అర వెనుక గోడ కూడా చూడు. నిజం విమానంలో అది తలుపు ఆకారాన్ని అనుసరించకుండా తిన్నగా అడ్డంగా పోతుంది. నీ కిట్‌లో ఎలా ఉందో నువ్వు రాయలేదు, నాకు తెలుసుకోవాలని ఉంది.

నా అలమరలో తెరవని మస్కిటో ఒకటి ఉంది, 1/72. ఈసారి వచ్చినప్పుడు తీసుకెళ్లు. డీకాల్స్ పసుపుబారి ఉంటాయి. అది నా అలమర చెమ్మ తప్పు, కిట్‌ది కాదు. సమీక్షలో రాయకు.

నీ మాష్టారు