మధ్య చెవిలో పెట్టే ఇంప్లాంట్ పొడవు మార్చుకునేలా చేయడం అంత కష్టమా?

మీ ప్రశ్న బయోమెడికల్ ప్రాజెక్టు గురించి. కర్ణభేరి నుంచి లోపలి చెవికి శబ్దాన్ని చేరవేసే చిన్న ఎముకలు పాడైతే పెట్టే ఇంప్లాంట్‌కు స్క్రూ ఉంటే, తిప్పి పొడవు సరిచేసుకోవచ్చు కదా అని అడిగారు. నేను మెకానికల్ ఇంజనీర్‌ని. ఈఎన్‌టీ సర్జన్లతో కలిసి కొంతకాలం సరిగ్గా ఈ పనే చేశాను.

పొడవు మార్చుకునే ఇంప్లాంట్లు ఇప్పటికే ఉన్నాయి. సన్నటి టైటానియం కడ్డీ, దాని మీద అటూ ఇటూ జరిగే గుండ్రటి తల. సర్జన్ ముందు కొలత కోసం డమ్మీని చెవిలో పెట్టి చూస్తారు. తర్వాత బయట, చిన్న జిగ్‌లో (కదలకుండా పట్టే అచ్చులో) తలను ఆ కొలతకు జరిపి, నొక్కి బిగించి, మిగిలిన కడ్డీని కత్తిరించి, అప్పుడు లోపల పెడతారు. స్టేపిస్ (మూడు ఎముకల్లో లోపలి చెవిని తాకే చివరిది, బడి పుస్తకాల్లో అంకవన్నె) బాగానే ఉంటే దాని తల మీద కూర్చునే పొట్టి రకం సరిపోతుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. దాని పై భాగం కూడా పోయి అడుగు పలక ఒక్కటే మిగిలితే పొడుగు రకం కావాలి. ఏదైనా బరువు కొన్ని మిల్లీగ్రాములే. ఫోర్సెప్స్ కొనకు అంటుకుని వదలకపోతే విదిలించకండి, మళ్లీ దొరకదు.

అంటే మీ ప్రశ్న అసలు ఇది: చెవిలో పెట్టాక మార్చగలమా?

ఇక్కడే స్క్రూ ఆలోచన దెబ్బతింటుంది. ల్యాబ్‌లో టెంపోరల్ బోన్ (చెవి భాగాలుండే పుర్రె ఎముక) మీద స్క్రూ నమూనాను ఒక సీనియర్ సర్జన్ చేతికిచ్చాం. ఆయన మైక్రోస్కోప్‌లో చూస్తూ, ఎడమ చేత్తో సక్షన్ (ద్రవాన్ని పీల్చే గొట్టం) పట్టుకుని, కుడి చేత్తో కడ్డీ తిప్పబోయారు. కడ్డీతో పాటు మొత్తం ఇంప్లాంట్ తిరిగింది. కింది భాగాన్ని కదలకుండా పట్టుకోవాలంటే ఇంకో పరికరం కావాలి, అది పట్టే చోటూ లేదు, చెయ్యీ లేదు. "బాబూ, దీంతో పాటు మూడో చెయ్యి కూడా డిజైన్ చేసిపెట్టు" అన్నారు. నవ్వుకున్నాం గానీ, ఆ మెలిక బలం ఎక్కడికి పోతుందో ఆలోచిస్తే నవ్వు రాదు. నేరుగా స్టేపిస్ అడుగు పలక మీదికి పోతుంది. ఆ పలక కింద లోపలి చెవి ద్రవం ఉంటుంది. పలక స్థానం తప్పితే కళ్లు తిరగడంతో మొదలై, ఉన్న వినికిడి కూడా పోవచ్చు.

ఇంతకీ పొడవు అంత ముఖ్యమా? నా లెక్కలో పొడవు కంటే బిగువు ముఖ్యం. ముందు ఈ ఎముకల గొలుసు ఏం చేస్తుందో చూడండి. కర్ణభేరిలో పనిచేసే భాగం వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, అడుగు పలకది 3.2. అక్కడే ఒత్తిడి 17 రెట్లు పెరుగుతుంది. ఎముకల మీట బలం ఇంకో 1.3 రెట్లు. మొత్తం 22 రెట్లు అనుకోండి. కర్ణభేరి బాగుండి గొలుసు మాత్రం తెగితే వినికిడి 60 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. ఇంప్లాంట్‌తో గొలుసు మళ్లీ కలిస్తే చాలావరకు తిరిగొస్తుంది. ఆపరేషన్ తర్వాత ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో) గాలి ద్వారా, ఎముక ద్వారా వినే గీతల మధ్య తేడా 20 డెసిబెల్స్ లోపు ఉంటే సర్జన్లు మంచి ఫలితం అంటారు. ఇక బిగువు సంగతి. మరీ పొట్టిదైతే ఇంప్లాంట్ పక్కకి ఒరిగిపోతుంది. పొడుగైతే గుడారం కర్రలా కర్ణభేరిని పైకి లేపి, పలక చుట్టూ ఉన్న లిగమెంట్‌ను బిగదీస్తుంది. దాంతో తక్కువ ఫ్రీక్వెన్సీలు సరిగ్గా అందవు, రాను రాను లోహం కర్ణభేరిని తొలుచుకుని బయటికి వస్తుంది. అందుకే పైన పల్చటి మృదులాస్థి ముక్క వేస్తారు.

ఇంకో చిక్కు, టేబుల్ మీద సరిపోయిన బిగువు కొన్ని నెలలకు అలాగే ఉండదు. గ్రాఫ్ట్ (కర్ణభేరికి వేసిన అతుకు) మానుతూ ముడుచుకుంటుంది, మచ్చ కణజాలం ఒక పక్కకి లాగుతుంది. పైగా తుమ్ములు, విమాన ప్రయాణాలు. మామూలు మాటలు వింటున్నప్పుడు కర్ణభేరి కదలిక నానోమీటర్లలో ఉంటుంది. గాలి ఒత్తిడి గట్టిగా మారితే అదే కర్ణభేరి మిల్లీమీటరు దాకా కదలగలదు. సహజమైన చెవిలో ఎముకల కీళ్లు జారి ఆ తాకిడిని మింగేస్తాయి, స్టేపిస్ దాకా వచ్చేది మిల్లీమీటరులో కొద్ది వందో వంతులే. గట్టి టైటానియం కడ్డీకి కీలు లేదు, వచ్చిందంతా కిందికి పంపేస్తుంది.

కాబట్టి నన్నడిగితే, స్క్రూ వదిలేసి తనంతట తాను సర్దుకునే కీలు మీద పనిచేయండి. మెత్తటి స్ప్రింగ్ పెడితే శబ్దాన్నే మింగేస్తుంది, అది కుదరదు. చిన్న, వేగమైన కంపనానికి బిగుసుకుని ఉండి, పెద్ద, నెమ్మదైన తోపుకి జారిపోవాలి. ఘర్షణతో నిలిచే బాల్ జాయింట్‌కి ఆ గుణం ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్ బృందం ఈ దిశలో పనిచేసింది, వాళ్ల పేపర్లు వెతికి చదవండి.

3డీ ప్రింటింగ్ ఎందుకు కాదని మీ తర్వాతి ప్రశ్న కావచ్చు. 2019లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో డాక్టర్ మషుడు షిఫులారో 3డీ ప్రింట్ చేసిన ఎముకలు అమర్చినప్పుడు ఆ వార్త నాకు వాట్సాప్‌లో ఎంతమంది పంపారో! అది నిజంగా పెద్ద పనే. కానీ ఆకారం సరిపోవడం వేరు, మానిన తర్వాత కూడా బిగువు నిలవడం వేరు.

ప్రాజెక్టుగా చేయాలంటే, ముందు పది రెట్ల పెద్ద నమూనాలో కీలు జారే బలాన్ని కొలవండి. పెద్దదానికి వచ్చిన లెక్క చిన్నదానికి నేరుగా వర్తించదు, ఘర్షణ దామాషాలో తగ్గదు. ఆ తర్వాత అసలు సైజు. ఏదైనా మెడికల్ కాలేజీ ఈఎన్‌టీ విభాగం టెంపోరల్ బోన్ ల్యాబ్‌లోకి రానిస్తే, లేజర్ వైబ్రోమీటర్‌తో (తాకకుండా కంపనాన్ని కొలిచే పరికరంతో) 500 నుంచి 4000 హెర్ట్జ్ వరకు స్టేపిస్ కదలిక చూడండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి కర్ణభేరి మీద గాలి ఒత్తిడి పెట్టి. ఈ రెండు గ్రాఫుల తేడాయే మీ డిజైన్‌కి మార్కులు వేస్తుంది. సర్జన్ ఒంటి చేత్తో పెట్టగలరా అన్నది మాత్రం మొదటి రోజే ఆయన్నే అడగండి.